మోటార్లు తిరుగుతుంటేనే డ్రైవ్‌ల కమ్యూనికేషన్ పోతోంది, బాడ్ రేట్ పెంచితే సరిపోతుందా?

సెట్‌పాయింట్:

అందరికీ నమస్కారం. ఒక పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంట్రోలర్), దాని ఆర్‌ఎస్-485 పోర్టుకి (సీరియల్ లైన్) 12 వీఎఫ్‌డీలు (మోటారు స్పీడుని మార్చే డ్రైవ్‌లు), వాటి మధ్య మాటలకి మోడ్‌బస్ ఆర్‌టీయూ ప్రోటోకాల్. 9600 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు), 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ఎనిమిది డ్రైవ్‌లు పీఎల్‌సీ ఉన్న ప్యానెల్‌లోనే ఉన్నాయి, మిగతా నాలుగు దూరంగా వేరే ప్యానెల్‌లో. ఒక్కో డ్రైవ్ నుంచి ఫ్రీక్వెన్సీ, కరెంట్, డీసీ బస్ వోల్టేజ్, హీట్‌సింక్ టెంపరేచర్, స్టేటస్ వర్డ్, ఫాల్ట్ కోడ్ చదువుతున్నాను. రన్ కమాండ్, స్పీడ్ రిఫరెన్స్ రాస్తున్నాను. అన్నిటికీ విడివిడిగా మెసేజ్ బ్లాకులు పెట్టాను.

మోటార్లు ఆగి ఉన్నప్పుడు నెమ్మదిగానైనా అన్నీ వస్తాయి. పెద్ద మోటార్లు రెండు మూడు స్టార్ట్ అయ్యాయంటే చాలు, 9 నుంచి 12 వరకు ఉన్న డ్రైవ్‌లు టైమౌట్ అంటాయి. టైమౌట్ ఒక సెకను, మొత్తం మూడుసార్లు ట్రై చేస్తుంది. ఈ నాలుగింటి కోసం ఆగడంతో మిగతా ఎనిమిది డ్రైవ్‌ల రీడింగులు కూడా స్క్రీన్ మీద కదలవు. ఆపరేటర్ స్టాప్ నొక్కితే మోటారు ఎప్పటికి ఆగుతుందో చెప్పలేని పరిస్థితి, అసలు టెన్షన్ అదే.

టెస్ట్ కోసం కమ్యూనికేషన్ కేబుల్ పీకి చూస్తే కొన్ని డ్రైవ్‌లు ఫాల్ట్ కొట్టి ఆగిపోయాయి, కొన్ని ఏమీ జరగనట్టు అదే స్పీడులో తిరుగుతూనే ఉన్నాయి. రెండు వేర్వేరు మేక్‌ల డ్రైవ్‌లు కలిసి ఉన్నాయి. ఏది ఉండాల్సిన పద్ధతి?

38400కి మారిస్తే స్పీడూ వస్తుంది, టైమౌట్లూ తగ్గుతాయని ఒకరు అన్నారు. ఇంకొకరు ఇదంతా పీకేసి ఈథర్‌నెట్‌కి వెళ్లిపొమ్మంటున్నారు. ఏది ముందు చేయాలి? రివర్స్‌లో తిరిగే మోటారు స్పీడ్ 65036 అని చూపిస్తోంది, అది కూడా నాయిస్ వల్లేనా?

డీసీబస్:

బాడ్ రేట్ ఇప్పుడే ముట్టుకోకండి. మోటార్లు ఆగి ఉంటే వచ్చి, తిరిగితే పోతోందంటే ముందు చూడాల్సింది వైరింగే. 38400కి వెళ్తే ఒక్కో బిట్ నిడివి నాలుగో వంతుకి తగ్గిపోతుంది, ఇప్పుడు ఒక బిట్ మీద పడి పోతున్న నాయిస్ అప్పుడు రెండు మూడు బిట్లని పాడుచేస్తుంది. నెమ్మదితనం సంగతి వేరు, దాన్ని దీంతో కలపొద్దు.

డ్రైవ్ అవుట్‌పుట్‌లో వచ్చేది సైన్ వేవ్ కాదు కదా, కొన్ని కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో ఆన్, ఆఫ్ అయ్యే పల్సులు. 400 వోల్టుల సప్లై మీద డీసీ బస్ దాదాపు 540 నుంచి 565 వోల్టులు ఉంటుంది, ఆ వోల్టేజ్ అంతా మైక్రోసెకను లోపే లేస్తుంది, పడుతుంది. ఆ అంచు వచ్చిన ప్రతిసారీ మోటారు కేబుల్ నుంచి ఎర్త్‌కి, పక్కనే వెళ్తున్న వైర్లకి కాస్త కరెంట్ దూకుతుంది. మీ కమ్యూనికేషన్ కేబుల్ దూరం ప్యానెల్‌కి వెళ్లేటప్పుడు మోటారు కేబుళ్లతో ఒకే ట్రేలో పడుకుని ఉంటే ఇంక చెప్పేదేముంది. కనీసం 20, 30 సెంటీమీటర్లు ఎడం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా 90 డిగ్రీల్లో దాటాలి. మోటారు కేబుల్ కూడా షీల్డ్ ఉన్నదై, ఆ షీల్డ్‌ని రెండు చివర్లా క్లాంపుతో చుట్టూ పట్టించి ఉంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. షీల్డ్‌ని జడలా మెలేసి ఒక స్క్రూ కింద బిగిస్తే హై ఫ్రీక్వెన్సీకి అది పెద్దగా పనికిరాదు.

ఇప్పుడు మల్టీమీటర్ పట్టుకుని ఒక పని చేయండి. అన్ని డ్రైవ్‌లకీ, పీఎల్‌సీకీ పవర్ తీసేయండి. డ్రైవ్ కవర్ తీసే ముందు డీసీ బస్ డిశ్చార్జ్ అయ్యే దాకా ఆగండి, మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలూ ఆగి, మీటర్‌తో కొలిచి చూశాకే చేయి పెట్టండి. తర్వాత లైన్ మీద ఏ, బీ అనే రెండు డేటా వైర్ల మధ్య రెసిస్టెన్స్ చూడండి. రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేషన్ (లైన్ చివర పెట్టే రెసిస్టర్) ఉంటే 60 ఓమ్‌లు, లేదా కాస్త తక్కువ రావాలి. 120 చుట్టుపక్కల వస్తే ఒక చివర టెర్మినేషన్ లేదు, లేదంటే మధ్యలో వైరు తెగింది. 40 దగ్గర వస్తే ఎక్కడో మూడోది ఆన్‌లో ఉంది. ఈ ఒక్క రీడింగ్‌తో చాలా తెలుస్తుంది.

ఆ తర్వాత పవర్ ఇచ్చి, పీఎల్‌సీ పోలింగ్ (డ్రైవ్‌లని వరుసగా అడగడం) ఆపేసి, ఏ, బీ మధ్య డీసీ వోల్టేజ్ చూడండి. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా కనీసం 200 మిల్లీవోల్టులు ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే రిసీవర్‌కి లైన్ ఒకటో సున్నానో తెలియదు, దొరికిన నాయిస్‌నే స్టార్ట్ బిట్ అనుకుంటుంది. దానికి, ఖాళీగా ఉన్న లైన్‌ని ఒకే స్థితిలో పట్టి ఉంచే బయాస్ రెసిస్టర్లు కావాలి. చాలా పీఎల్‌సీ పోర్టుల్లో అవి లోపలే ఉంటాయి, స్విచ్ ఆన్ చేయాలంతే.

మూడో వైరు సంగతి కూడా చెప్పండి. రెండు వైర్లే లాగారా, లేక రిఫరెన్స్ (సిగ్నల్ కామన్) టెర్మినల్ కూడా కలిపారా? ఆర్‌ఎస్-485 రిసీవర్ కామన్ మోడ్‌లో, అంటే తన గ్రౌండ్‌తో పోలిస్తే రెండు డేటా వైర్ల మీదా కలిసి వచ్చే వోల్టేజ్‌లో, -7 నుంచి +12 వోల్టుల వరకే తట్టుకుంటుంది. రెండు ప్యానెళ్ల ఎర్త్‌ల మధ్య తేడా, పెద్ద మోటార్లు లోడ్ తీసుకున్నప్పుడు, ఆ హద్దు దాటిందంటే మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి: దగ్గరి ప్యానెల్ బాగుంటుంది, దూరం ప్యానెల్ పోతుంది.

పోలింగ్‌లూప్:

వైరింగ్ గురించి పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను నెమ్మదితనం గురించి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే బాడ్ రేట్ పెంచితే అంతా సర్దుకుంటుందనే మాట ఎక్కువగా ఈ లెక్క చూడకుండానే అంటారు.

9600లో మీ సెట్టింగ్‌కి ఒక బైట్ అంటే 10 బిట్లు, దాదాపు 1.04 మిల్లీసెకను. ఒక రిజిస్టర్ (డ్రైవ్‌లో ఒక విలువ ఉండే గడి) చదవాలంటే రిక్వెస్ట్ 8 బైట్లు, జవాబు 7 బైట్లు, కలిపి 15.6 మిల్లీసెకన్లు. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ (ఒక్కో పూర్తి మెసేజ్‌కీ) మధ్య మూడున్నర క్యారెక్టర్ల నిశ్శబ్దం ఉండాలి, రెండు ఫ్రేమ్‌లకి కలిపి ఇంకో 7.3. డ్రైవ్ ఆలోచించి జవాబివ్వడానికి ఓ 10 అనుకుందాం. మొత్తం 33 మిల్లీసెకన్లు. మీరు డ్రైవ్‌కి 8 మెసేజ్‌లు పంపుతున్నారు, 12 డ్రైవ్‌లకి 96. అంటే ఒక్క టైమౌట్ కూడా లేకుండానే చుట్టు తిరిగి రావడానికి 3 సెకన్ల పైన. ఇందులో ఒక్క మెసేజ్‌కి జవాబు రాకపోయినా దాని మీదే ఇంకో 3 సెకన్లు పోతాయి, నాలుగు డ్రైవ్‌లు ఒకేసారి పోతే స్క్రీన్ బిగుసుకుపోవడంలో వింతేముంది.

38400 చేస్తే? బైట్ల సమయం 4 మిల్లీసెకన్లకి దిగుతుంది, నిజమే. కానీ 19200 దాటాక నిశ్శబ్దం 1.75 మిల్లీసెకన్ల దగ్గర ఫిక్స్ చేసుకోమని స్పెసిఫికేషన్ చెబుతుంది, డ్రైవ్ తీసుకునే 10 మిల్లీసెకన్లు ఎక్కడికీ పోవు. మెసేజ్‌కి 17, 18 చొప్పున 96కి 1.7 సెకన్లు.

అదే 9600లోనే ఉండి, ఆరు రిజిస్టర్లని ఒకే రీడ్‌లో తెచ్చుకోండి. జవాబు 17 బైట్లు అవుతుంది, మొత్తం కలిపి 43 మిల్లీసెకన్లు. 12 డ్రైవ్‌లకి అర సెకను! బాడ్ రేట్ అలాగే ఉంది, వైరు కూడా అదే. రిజిస్టర్లు పక్కపక్కన లేకపోతే, చాలా డ్రైవ్‌లలో మనకి కావలసిన పారామీటర్లని వరుసగా పేర్చుకునే మ్యాపింగ్ సౌకర్యం ఉంటుంది, కమ్యూనికేషన్ గ్రూపులో వెతకండి. మధ్యలో లేని అడ్రస్‌ని కూడా కలిపి చదివితే కొన్ని డ్రైవ్‌లు 02 ఎక్సెప్షన్ (అలాంటి అడ్రస్ లేదనే జవాబు) ఇచ్చి మొత్తం రీడ్‌నే కాదంటాయి, అది చూసుకోండి. హీట్‌సింక్ టెంపరేచర్ లాంటివి ప్రతి చుట్టులో అక్కర్లేదు కూడా, పది చుట్లకి ఒకసారి చాలు.

టైమౌట్ ఒక సెకను అనవసరం. బాగున్న డ్రైవ్ 50 మిల్లీసెకన్లలో జవాబిస్తుంటే 150, 200 పెట్టండి. జవాబివ్వని డ్రైవ్‌ని లిస్టు లోంచి పక్కకి తీసి, కొన్ని సెకన్లకోసారి ఒక్క మెసేజ్‌తో పలకరించి చూడండి, వస్తే మళ్లీ కలుపుకోండి. ఒక డ్రైవ్ పోతే పదకొండు డ్రైవ్‌లు దాని కోసం ఎదురుచూడకూడదు. రాసేవి మాత్రం విలువ మారినప్పుడే రాయండి, లైన్ ఖాళీగా ఉంటుంది.

65036 నాయిస్ కాదు. ప్లస్, మైనస్ గుర్తు ఉన్న (సైన్డ్) 16 బిట్ల సంఖ్యని మీరు గుర్తు లేనిదిగా (అన్‌సైన్డ్) చదువుతున్నారు. 65036 లోంచి 65536 తీసేయండి, -500. స్కేల్ 0.1 అయితే మైనస్ 50.0 హెర్ట్జ్. నాయిస్ పడితే అసలు విలువే రాదు, సీఆర్‌సీ (ఫ్రేమ్ చివర ఉండే తప్పుల పరీక్ష) దగ్గరే ఫ్రేమ్ చెత్తబుట్టలోకి వెళ్తుంది. తప్పు విలువ నిలకడగా కనిపిస్తోందంటే అది దాదాపు ఎప్పుడూ మీ వైపు అర్థం చేసుకోవడంలో తేడానే.

ర్యాంప్‌డౌన్:

పైన చివర్లో ఉన్న ఒక్క మాటతో ఒప్పుకోలేను. రన్ కమాండ్, స్పీడ్ మారినప్పుడే రాయమన్నారు. డ్రైవ్‌కి ఒక్క క్షణం పవర్ పోయి వచ్చిందనుకోండి, దాని లోపల కమాండ్ వర్డ్ సున్నా అయిపోతుంది, పీఎల్‌సీ మాత్రం నేను రాసేశానుగా అని కూర్చుంటుంది. ఇద్దరికీ పొంతన ఉండదు. నేనైతే కమాండ్, రిఫరెన్స్ రెండింటినీ ఫంక్షన్ 16తో (ఒకేసారి చాలా రిజిస్టర్లు రాసే మోడ్‌బస్ కమాండ్) ఒకే మెసేజ్‌లో ప్రతి చుట్టులోనూ రాస్తాను, 12 డ్రైవ్‌లకి దానికి ఇంకో అర సెకను పడితే పడనీ. విలువ మారినప్పుడు మాత్రం వరుస కోసం ఆగకుండా ముందుకి తోస్తాను, స్టాప్ అయితే అన్నిటికన్నా ముందు.

కానీ దీనికి ఒక షరతు ఉంది, దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. మీరు రాస్తున్న అడ్రస్ ర్యామ్‌లోకి (పవర్ పోతే చెరిగిపోయే మెమరీ) వెళ్తోందా, ఈఈప్రామ్‌లోకి (శాశ్వత మెమరీ) వెళ్తోందా అని మాన్యువల్‌లో చూసుకోవాలి. కమాండ్, రిఫరెన్స్ కోసం ఇచ్చిన రిజిస్టర్లు మామూలుగా ర్యామ్‌వే. కానీ ప్రీసెట్ స్పీడ్, యాక్సిలరేషన్ టైమ్ లాంటి పారామీటర్ అడ్రస్‌కి రాస్తే కొన్ని డ్రైవ్‌లు ప్రతిసారీ దాన్ని శాశ్వత మెమరీలో దాచుకుంటాయి. ఆ మెమరీ లక్ష రైట్ల దాకా అని చాలా మాన్యువళ్లలో ఉంటుంది. సెకనుకి ఒకటి చొప్పున లక్ష అంటే 28 గంటల లోపే. కొత్త డ్రైవ్ రెండో రోజు మెమరీ ఫాల్ట్ చూపిస్తే దాని కారణం ఇదే కావచ్చు, పైకి ఎవరికీ అంతు చిక్కదు. శాశ్వతం కాకుండా రాయడానికి వేరే అడ్రస్ గానీ, ఒక పారామీటర్ గానీ తరచూ ఉంటుంది.

ఇక కేబుల్ పీకితే ఏం కావాలన్న ప్రశ్న. నా దృష్టిలో మీ పోస్ట్ మొత్తంలో ఇదే అసలు విషయం, వైరింగ్ కన్నా ముందు దీన్ని తేల్చాలి. డ్రైవ్‌లో కమ్యూనికేషన్ టైమౌట్ అని ఒక పారామీటరు, టైమౌట్ అయితే ఏం చేయాలన్నది ఇంకో పారామీటరు ఉంటాయి: పట్టించుకోకుండా నడవడం, వార్నింగ్ ఇచ్చి నడవడం, ర్యాంప్‌లో (స్పీడు మెల్లగా తగ్గిస్తూ) ఆగడం, మోటారుకి పవర్ వదిలేసి దానంతట అదే ఆగనివ్వడం, ముందే పెట్టిన ఒక స్పీడుకి వెళ్లడం, ఇలా. చాలా డ్రైవ్‌లు ఫ్యాక్టరీ నుంచి టైమౌట్ సున్నాతో, అంటే ఆ నిఘా లేకుండా వస్తాయి. మీకు తిరుగుతూనే ఉన్నవి అవే అయ్యుంటాయి. ఏది సరైనదో డ్రైవ్ కంపెనీ చెప్పలేదు, ఆ మోటారు ఏం తిప్పుతోందో తెలిసినవాళ్లు చెప్పాలి. పొగ బయటికి లాగే ఫ్యాన్ అయితే లైన్ పోయినా తిరగాల్సిందే. కన్వేయర్ అయితే ఆగిపోవాలి. కూలింగ్ నీళ్ల పంపు అయితే ఒక భద్రమైన స్థిర స్పీడుకి వెళ్లాలి. ఒక్కో మోటారుకీ కూర్చుని రాసుకోండి, ప్రాసెస్ వాళ్లని పక్కన పెట్టుకుని.

ఇంకో మెలిక: కొన్ని డ్రైవ్‌లలో ఏ మెసేజ్ వచ్చినా ఆ టైమర్ మొదటికి వస్తుంది, కొన్నిట్లో కంట్రోల్ వర్డ్ రాస్తేనే వస్తుంది. రెండో రకానికి మారినప్పుడే రాసే పద్ధతి పెడితే, రీడింగులు చక్కగా వస్తుండగానే డ్రైవ్ ట్రిప్ అవుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఈ వైరు మీద పెట్టకండి. మోడ్‌బస్‌లో ఎంత వేగంగా రాసినా అది సేఫ్టీ కాదు. చాలా డ్రైవ్‌లలో సేఫ్ టార్క్ ఆఫ్ టెర్మినళ్లు (మోటారుకి టార్క్ రాకుండా ఆపేవి) ఉంటాయి, ఐఈసీ 61800-5-2 ప్రకారం వచ్చేవి, సేఫ్టీ రిలే నుంచి నేరుగా వాటికి వైరు వేయండి. ఆపరేటర్ స్టాప్ నొక్కితే ఎప్పుడు ఆగుతుందో చెప్పలేని స్థితిలో లైన్ బాగుపడే వరకు మెషిన్‌ని నడపడం కూడా నాకు నచ్చట్లేదు, కనీసం స్టాప్ అయినా ఈలోపు హార్డ్‌వైర్ చేయండి.

పోలింగ్‌లూప్:

పవర్ పోయి వచ్చే సంగతి ఒప్పుకుంటున్నాను. ప్రతి చుట్టులో రాయడమే మంచిది, ర్యామ్ అడ్రస్ అని తేల్చుకున్నాక. రాయడానికి, చదవడానికి కలిపి ఒకే మెసేజ్‌గా ఫంక్షన్ 23 ఉంటుంది, మీ డ్రైవ్‌లు, పీఎల్‌సీ రెండూ దాన్ని అర్థం చేసుకుంటే ఆ అదనపు అర సెకనులో చాలా భాగం మిగులుతుంది.

సెట్‌పాయింట్:

అందరికీ చాలా థ్యాంక్స్. స్టాప్‌లన్నిటికీ ముందు వైరు లాగేశాం, ఎమర్జెన్సీ స్టాప్ ఎలాగూ సేఫ్టీ రిలే మీదే ఉంది.

ఓమ్‌లు కొలిస్తే 39 వచ్చింది! ఒక్కో డ్రైవ్ కవర్ తీసి చూస్తే 5వ డ్రైవ్‌లో టెర్మినేషన్ డిప్ స్విచ్ ఆన్‌లో ఉంది, ఆఫ్ చేస్తే 58కి వచ్చింది. దూరం ప్యానెల్‌కి మూడో వైరు లేదు, కేబుల్‌లో ఒక జత ఖాళీగా ఉంటే దాన్ని రిఫరెన్స్‌కి కలిపాం. ట్రే మార్చే పని ఇంకా మిగిలే ఉంది. ఇప్పటికి టైమౌట్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు, అన్నిటికన్నా పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడు 11, 12 ఒకటి రెండుసార్లు తప్పుతున్నాయి. బ్లాక్ రీడ్ పెట్టాక స్క్రీన్ మీద అంకెలు చకచకా మారుతున్నాయి, పనిలో పనిగా రివర్స్ స్పీడ్ కూడా సరిచేశాను.

రెండు సందేహాలు. మిగిలిన ఆ టైమౌట్లకి రిపీటర్ (సిగ్నల్‌ని మళ్లీ బలంగా పంపే పరికరం) పెట్టాలా? రెండోది, ఎలాగూ ప్యానెల్ మార్చే ఆలోచన ఉంది, ఈథర్‌నెట్‌కి వెళ్తే ఇవన్నీ ఉండవా?

డీసీబస్:

ముందు ట్రే మార్చండి, తర్వాత చూడండి. అప్పటికీ పోకపోతే రెండు ప్యానెళ్ల మధ్య ఐసొలేటెడ్ రిపీటర్ పెట్టండి, మామూలు రిపీటర్ కాదు, ఎర్త్ తేడాని విడగొట్టేదే కావాలి. రిపీటర్ పెడితే లైన్ రెండు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకీ రెండు చివర్లా టెర్మినేషన్ మళ్లీ చూసుకోవాలి, చాలామంది మర్చిపోయేది అదే. డ్రైవ్ నుంచి డ్రైవ్‌కి వరుసగా వెళ్తోందా, లేక ఎక్కడైనా టెర్మినల్ బ్లాక్ నుంచి కొమ్మలు చీల్చారా అన్నది కూడా ఆ ప్యానెల్‌లో ఒకసారి చూడండి.

ల్యాప్‌టాప్‌ని కన్వర్టర్‌తో అదే లైన్ మీద పెట్టి చూస్తుంటే మాత్రం వినడానికే వాడండి. ఆర్‌టీయూలో మాస్టర్ (అడిగేవాళ్లు) ఒక్కరే ఉండాలి, పీఎల్‌సీ పోల్ చేస్తుండగా ల్యాప్‌టాప్ కూడా అడగడం మొదలుపెడితే మీరే కొత్త టైమౌట్లు పుట్టిస్తారు.

ర్యాంప్‌డౌన్:

ఈథర్‌నెట్‌కి వెళ్తే టెర్మినేషన్, బయాస్, వరుసలో ఎదురుచూడటం ఉండవు. ప్రొఫినెట్, ఈథర్‌నెట్/ఐపీ లాంటివి అయితే కంట్రోల్ వర్డ్, స్పీడ్, స్టేటస్ అన్నీ మిల్లీసెకన్లలో వాటంతట అవే సైక్లిక్‌గా వచ్చిపోతుంటాయి, మెసేజ్ బ్లాకులు రాసే పనే లేదు. కానీ లైన్ పోతే ఏం చేయాలన్న ప్రశ్న అక్కడా అలాగే ఉంటుంది, ఇప్పుడు రాసుకున్న లిస్టు దాచిపెట్టుకోండి.

రెండు పోర్టులున్న డ్రైవ్‌లని ఒకదాని నుంచి ఒకటి కలుపుకుంటూ పోతే ఒక చిక్కుంది. మధ్యలో ఒక డ్రైవ్‌కి మెయిన్ పవర్ తీస్తే దాని వెనకున్నవన్నీ నెట్‌వర్క్ నుంచి మాయమవుతాయి. అందుకే కంట్రోల్ కార్డుకి బయటి నుంచి 24 వోల్టులు ఇచ్చుకునే సౌకర్యం ఉన్నది తీసుకోండి, లేదా స్విచ్ పెట్టి ఒక్కో డ్రైవ్‌కీ విడి కేబుల్ లాగండి. రింగ్ కూడా వేయొచ్చు, అప్పుడు డ్రైవ్‌లూ పీఎల్‌సీ వైపూ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి.

స్టార్ట్ చేసే వరుస కూడా మారుతుంది. ప్రొఫినెట్ డ్రైవ్‌లలో తరచూ వాడే ప్రొఫిడ్రైవ్ ప్రొఫైల్‌లో (డ్రైవ్ కమాండ్ల ప్రమాణం) నేరుగా రన్ అంటే డ్రైవ్ కదలదు, ముందు హెక్స్‌లో 047ఈ పంపి డ్రైవ్ సిద్ధంగా ఉందన్నాక 047ఎఫ్ పంపాలి, చివరి బిట్ సున్నా నుంచి ఒకటికి మారడాన్నే అది స్టార్ట్‌గా తీసుకుంటుంది. స్పీడ్ కూడా హెర్ట్జ్‌లో ఉండదు, రిఫరెన్స్ స్పీడ్‌కి హెక్స్‌లో 4000, అంటే 16384. ఈథర్‌క్యాట్, క్యాన్ ఓపెన్ వాడే డ్రైవ్‌లలో సీఐఏ 402 అనే అలాంటి ప్రొఫైలే ఉంటుంది, అక్కడ కంట్రోల్ వర్డ్‌కి 6, 7, 15 వరుసగా రాయాలి, ప్రతి అడుగుకీ స్టేటస్ వర్డ్ మారిందో లేదో చూసుకుంటూ. ఫాల్ట్ రీసెట్ అయ్యాక కూడా ఇదే వరుస మొదటి నుంచి.

ఏ నెట్‌వర్క్ అయినా, ఇప్పుడే ఈ 12 డ్రైవ్‌ల పారామీటర్లనీ సాఫ్ట్‌వేర్‌లోకి గానీ, కీప్యాడ్ కాపీతో గానీ బ్యాకప్ తీసి పెట్టండి. రేపు ఒక డ్రైవ్ కాలిపోయి కొత్తది బిగిస్తే, అది ఫ్యాక్టరీ అడ్రస్‌తో వస్తుంది, ఎక్కువగా 1. లైన్ మీద ఇప్పటికే 1 ఉంటే ఇద్దరూ ఒకేసారి జవాబిస్తారు, పీఎల్‌సీకి సీఆర్‌సీ ఎర్రర్లు వస్తాయి, అందరూ బాగున్న 1వ డ్రైవ్‌ని అనుమానిస్తారు. కొత్తదాన్ని లైన్‌కి కలపకముందే కీప్యాడ్ మీద అడ్రస్, బాడ్ రేట్, పారిటీ, టైమౌట్ చర్య పెట్టి, కమాండ్ సోర్స్, ఫ్రీక్వెన్సీ సోర్స్ రెండూ కమ్యూనికేషన్‌కి మార్చాకే కనెక్టర్ గుచ్చండి.